సరౌండ్ సౌండ్, ట్రాన్సిషన్లు: మాట చెదరకుండా ధ్వనిని కూర్చడమెలా?

యూట్యూబ్‌లో ‘8డి ఆడియో’ అని వెతికితే పాత సినిమా పాటల నుంచి భక్తిగీతాల వరకు లెక్కలేనన్ని కనిపిస్తాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వింటే గాయకుని గొంతు ఎడమ చెవి దగ్గర మొదలై, తల వెనుకగా సాగి, కుడి చెవికి చేరి, మళ్లీ ముందుకు వచ్చినట్టు తోస్తుంది. తొలిసారి వినేవారికి అది అబ్బురమే. ఇయర్‌ఫోన్లు తీసేసి అదే పాటను ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెడితే మాత్రం ఆ ప్రదక్షిణం మాయమవుతుంది. గొంతు ఏ కారణమూ లేకుండా తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అక్కడక్కడ పలుచబడి, సాహిత్యం అందకుండా పోతుంది.

ధ్వనిని అటూ ఇటూ తిప్పడం సాఫ్ట్‌వేర్‌కు చిటికెలో పని. ఆ ధ్వని శ్రోత చేతిలోని పరికరంలో ఏ రూపం దాలుస్తుందన్నది మాత్రం సాఫ్ట్‌వేర్ చూసుకోదు. అది ఎడిటర్ చూసుకోవలసిన విషయం. ఒకప్పుడు సినిమా స్టూడియోలకే పరిమితమైన ఈ సాధనాలు ఇప్పుడు ఇంటి కంప్యూటరులోకి వచ్చాయి. అడాసిటీ పూర్తిగా ఉచితం. డావించీ రిజాల్వ్‌లోని ఫెయిర్‌లైట్ ఆడియో విభాగం ఉచిత ప్రతిలోనూ లభిస్తుంది. రీపర్, అడోబీ ఆడిషన్ వంటివి డబ్బు చెల్లించి వాడుకునేవి. కథలు చదివి వినిపించేవారు, పాడ్‌కాస్టులు చేసేవారు, పాఠాలు రికార్డు చేసే ఉపాధ్యాయులు, ప్రవచనాలను భద్రపరిచేవారు వీటిని వాడుతున్నారు. వీరందరి పనికీ ప్రాణం మాటే. సరౌండ్ ఎఫెక్టు ఆ మాటకు చుట్టూ ఒక లోకాన్ని కట్టగలదు, ఏమరుపాటుగా వాడితే ఆ మాటనే మింగేయగలదు.

చెవి దిక్కును ఎలా పసిగడుతుంది?

కళ్లు మూసుకుని ఉన్నా వీధిలో సైకిల్ గంట ఏ వైపు నుంచి మోగిందో చెప్పగలం. కుడి వైపు నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకనుకు మించదు. అంటే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. అంతటి స్వల్ప వ్యవధిని కూడా మెదడు లెక్కగట్టి దిక్కును నిర్ణయిస్తుంది. దీనికి తోడు, తల అడ్డుగా ఉండడం వల్ల ఆవలి చెవికి శబ్దం కొంత మందంగా వినిపిస్తుంది. తక్కువ స్థాయి శబ్దాల విషయంలో సమయంలోని తేడా, కీచుమనే శబ్దాల విషయంలో తీవ్రతలోని తేడా ఎక్కువగా ఉపకరిస్తాయని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించారు. ముందా వెనుకా, పైనా కిందా అన్నది చెప్పడానికి ఈ రెండూ చాలవు. అక్కడ చెవి డొప్పలోని ముడతలు సాయపడతాయి. ఒక్కో దిక్కు నుంచి వచ్చిన శబ్దాన్ని ఆ ముడతలు ఒక్కో తీరుగా మార్చి లోపలికి పంపుతాయి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని దిక్కు మార్చే ఎఫెక్టులన్నీ ఈ మూడు ఆనవాళ్లలో ఏదో ఒకదాన్ని అనుకరించేవే. అన్నిటికన్నా తేలికైనది ప్యాన్. ఒక ఛానెల్‌లో ధ్వని తీవ్రత తగ్గించి మరో ఛానెల్‌లో పెంచుతుంది, అంతే. రెండోది డిలే. రెండు ఛానెళ్లలో ఒకే ధ్వనిని ఉంచి, ఒకదాన్ని కొన్ని మిల్లీసెకన్లు వెనక్కు జరిపితే ముందుగా వినిపించిన వైపు నుంచే ధ్వని వస్తున్నట్టు అనిపిస్తుంది, పైగా అది వెడల్పుగా విస్తరించినట్టు ఉంటుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో దీన్ని పరీక్షించి చూపడంతో ఆయన పేరిటే దీనికి హాస్ ఎఫెక్టు అనే పేరు స్థిరపడింది. మూడోది బైనారల్ పద్ధతి. కృత్రిమ తలల చెవుల్లోనో, మనుషుల చెవుల్లోనో మైకులు అమర్చి, ఒక్కో దిక్కు నుంచి వచ్చే శబ్దం ఎలా మారుతుందో కొలిచి, ఆ మార్పును ఫిల్టర్‌గా ధ్వనికి అద్దడం ఇందులోని కీలకం.

8డి పాటల్లో ఎక్కువ భాగం నిజానికి మొదటి పద్ధతిలోనివే. ప్యాన్ తనంతట తానుగా అటూ ఇటూ ఊగుతుంది, దానికి కొంత రివర్బ్ తోడవుతుంది. ఎనిమిది పరిమాణాలనేవి ఇందులో ఎక్కడా లేవు, అది ప్రచారానికి పెట్టిన పేరు మాత్రమే. అప్పటికే మిక్స్ చేసి విడుదలైన పాటను గంపగుత్తగా తిప్పడం వల్ల తబలా, వయొలిన్లు, గొంతు అన్నీ ఒకే రంగులరాట్నం మీద ఎక్కినట్టు కలిసి తిరుగుతాయి. సంగీత దర్శకుడు ఒక్కో వాద్యానికి ఇచ్చిన చోటు చెరిగిపోతుంది. ఇంకొకరి పాటకు ఇలా హంగులు చేర్చి తిరిగి ప్రచురించినంత మాత్రాన ఆ రికార్డింగుపై హక్కు చేతులు మారదన్నది కూడా చాలామంది పట్టించుకోని సంగతి.

థియేటరు నేర్పిన క్రమం

చుట్టూ ధ్వని అనే ఆలోచన కొత్తది కాదు. బ్రిటిష్ ఇంజినీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931లో స్టీరియో పద్ధతికి పేటెంటు దరఖాస్తు చేశారు. తెరపై నటుడు ఒక వైపు ఉంటే గొంతు మరోవైపు నుంచి రావడం ఆయనను ఆలోచనలో పడేసిందని చెబుతారు. 1940లో విడుదలైన వాల్ట్ డిస్నీ చిత్రం ‘ఫాంటేసియా’ కోసం ఫాంటాసౌండ్ అనే ప్రత్యేక వ్యవస్థను నిర్మించారు. మన దేశంలో 70 ఎంఎం తెరతో పాటు స్టీరియో ధ్వనిని జనానికి రుచి చూపినది 1975 నాటి ‘షోలే’. తెలుగులో ఆ ముచ్చట 1986లో కృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘సింహాసనం’తో తీరింది. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ రూపంలో 5.1 ధ్వని సినిమా హాళ్లకు చేరింది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పైకప్పు నుంచి కూడా ధ్వనిని వినిపించింది.

ఈ చరిత్ర అంతటిలో ఇంటి ఎడిటర్‌కు పనికివచ్చే పాఠం తెర మధ్యనున్న స్పీకరుది. ఎడమ, కుడి స్పీకర్లు రెండే ఉంటే, సరిగ్గా మధ్యలో కూర్చున్నవారికి గొంతు మధ్యలో వినిపిస్తుంది. హాలు పక్క వరుసలో కూర్చున్నవారికి మాత్రం అదే గొంతు దగ్గరున్న స్పీకరులోంచి వచ్చినట్టు ఉంటుంది. అందుకే సంభాషణల కోసం మధ్యన మరో ఛానెల్ పెట్టారు. వాన, జనసందోహం, అడవి, యుద్ధరంగం చుట్టూ ఎంత చెలరేగినా మాట మాత్రం కదలకుండా తెర మీదే నిలిచి ఉంటుంది. ఎంత భారీ చిత్రంలోనైనా సంభాషణలు అధికంగా మధ్య ఛానెల్‌లోనే సాగుతాయి. పాడ్‌కాస్టులో వ్యాఖ్యాత గొంతును చెవుల చుట్టూ తిప్పేవారు గమనించవలసింది దీన్నే.

5.1 అంటే ఆరు ఛానెళ్లు. ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనుక ఎడమ, వెనుక కుడి అనేవి అయిదు. చివరనున్న ‘.1’ గుండెలదిరే గంభీర శబ్దాలకు కేటాయించినది, దాని పరిధి దాదాపు 120 హెర్ట్జ్ వరకే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం సిఫారసు ప్రకారం ముందున్న రెండు స్పీకర్లు శ్రోతకు మధ్యగీత నుంచి 30 డిగ్రీల కోణంలోను, వెనుక స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్యలోను ఉండాలి. అంటే వెనుక స్పీకర్లు సరిగ్గా వీపు వెనుక ఉండవు, భుజాలకు కాస్త వెనుకగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లోని సరౌండ్ ప్యానర్ సాధారణంగా ఒక వృత్తంలా కనిపిస్తుంది. అందులోని చుక్కను మౌస్‌తో జరిపితే, ధ్వని ఏ స్పీకరుకు ఎంత వెళ్లాలో సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. ఆ చుక్క నడిచిన దారిని కాలరేఖ మీద రికార్డు చేసుకోవచ్చు. అడోబీ ఆడిషన్, రీపర్, ఫెయిర్‌లైట్‌లలో ఈ ఏర్పాటు ఉంది. అడాసిటీలో ఇలాంటి ప్యానర్ లేదు. వేర్వేరు ట్రాకులను వేర్వేరు ఛానెళ్లకు కేటాయించి ఎగుమతి చేసుకునే వీలు మాత్రం ఉంది.

ఆ కేటాయింపు దగ్గరే కొత్తవారు తరచు తడబడతారు. వేవ్ ఫైళ్లలో ఛానెళ్ల వరుస ఎడమ, కుడి, మధ్య, గంభీర ధ్వని, వెనుక ఎడమ, వెనుక కుడి. సినిమా రంగంలో వాడే మరో వరుసలో ఎడమ తరువాత మధ్య, ఆ తరువాత కుడి వస్తాయి, గంభీర ధ్వని చిట్టచివర ఉంటుంది. ఒక వరుసలో తయారైన ఫైలును మరో వరుసగా భావించి తెరిస్తే సంభాషణలన్నీ కుడి స్పీకరులో వినిపిస్తాయి, వెనుక ధ్వనుల్లో ఒకటి సబ్‌వూఫర్‌లో పడి గుసగుసలా మిగులుతుంది. ఒక్కో ఛానెల్‌లో దాని పేరును చదివి రికార్డు చేసిన చిన్న పరీక్ష ఫైలును ముందుగా ఎగుమతి చేసి వింటే ఈ పొరపాటు క్షణంలో బయటపడుతుంది.

ఒకే చెవిలో, ఒకే స్పీకరులో

సరౌండ్ పనికి అసలైన పరీక్ష ఆరు స్పీకర్ల గదిలో జరగదు. బల్ల మీది బ్లూటూత్ స్పీకరులో, వంటింట్లో మోగే ఫోన్‌లో, బస్సులో ఇద్దరు స్నేహితులు చెరొకటి పంచుకున్న ఇయర్‌ఫోన్లలో జరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక చెవి వినిపించని శ్రోత దగ్గర జరుగుతుంది. ఇద్దరి సంభాషణలో ఒకరి గొంతును పూర్తిగా ఎడమకు, రెండోవారిని పూర్తిగా కుడికి నెట్టేస్తే అటువంటి శ్రోతకు సగం సంభాషణే దక్కుతుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ సెట్టింగులలో ఇందుకోసమే మోనో ఆడియో అనే ఏర్పాటు ఉంది. అది రెండు ఛానెళ్లను కలిపి ఒకటిగా వినిపిస్తుంది. అలా కలిపినప్పుడు కూడా మాట చెక్కుచెదరకుండా ఉండేలా చూడడం ఎడిటర్ వంతు.

కలిపితే ఏం చెడుతుందన్న సందేహం రావచ్చు. ధ్వని ఒక తరంగం. రెండు తరంగాల శిఖరాలు ఒకే సమయంలో వస్తే ధ్వని బలపడుతుంది. ఒకదాని శిఖరం మీద మరొకదాని లోయ పడితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కొన్ని ‘వైడ్‌నింగ్’ ఎఫెక్టులు ఒక ఛానెల్‌లోని తరంగాన్ని తలకిందులు చేసి ధ్వని విశాలంగా ఉన్న భ్రమ కలిగిస్తాయి. ఇయర్‌ఫోన్లలో అది గది గోడలు దాటి వినిపిస్తుంది. ఒకే తరంగం ఒక ఛానెల్‌లో నిటారుగా, మరోదానిలో తలకిందులుగా ఉన్నప్పుడు రెండింటినీ కలిపితే మిగిలేది నిశ్శబ్దమే.

హాస్ ఎఫెక్టు ఇంత కఠినం కాదు గానీ దానికీ ఒక మూల్యం ఉంది. ఒక ఛానెల్‌ను 10 మిల్లీసెకన్లు వెనక్కు జరిపి, రెండింటినీ సమానంగా కలిపితే 50 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి 150, 250, 350 అంటూ ప్రతి 100 హెర్ట్జ్‌కు ఒక చోట ధ్వని తుడిచిపెట్టుకుపోతుంది. గ్రాఫులో చూస్తే దువ్వెన పళ్లలా కనిపిస్తుంది గనుక దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. వినడానికి గొంతు డబ్బాలోంచో, గొట్టంలోంచో వచ్చినట్టు ఉంటుంది.

ఎఫ్‌ఎం రేడియో ఈ సమస్యను పుట్టుకతోనే మోసుకొచ్చింది. స్టీరియో ప్రసారంలో రేడియో కేంద్రం ఎడమ, కుడి ఛానెళ్లను విడివిడిగా పంపదు. రెండింటి మొత్తాన్ని ప్రధాన సంకేతంగాను, రెండింటి మధ్య తేడాను 38 కిలోహెర్ట్జ్ ఉపవాహక తరంగం మీద అదనంగాను పంపుతుంది. ఒకే స్పీకరున్న పాత రేడియో మొత్తాన్ని మాత్రమే అందుకుంటుంది. సంకేతం బలహీనపడినప్పుడు స్టీరియో రేడియోలు కూడా మోనోకు మారిపోతాయి. కాబట్టి తలకిందుల తరంగాలతో వెడల్పు చేసిన కార్యక్రమం ఊరి చివరి శ్రోతకు చేరేసరికి గొంతు లేకుండా చేరే ప్రమాదం ఉంది.

5.1 మిక్స్‌ను రెండు ఛానెళ్లకు కుదించేటప్పుడు మధ్య ఛానెల్‌ను, వెనుక ఛానెళ్లను 0.707తో గుణించి, అంటే 3 డెసిబెళ్లు తగ్గించి, ఎడమ కుడులలో కలుపుతారు. గంభీర ధ్వని ఛానెల్‌ను సాధారణంగా వదిలేస్తారు. ఉరుము శబ్దాన్ని ఆ ఒక్క ఛానెల్‌లోనే పెట్టిన కథలో ఫోన్ శ్రోతకు ఉరుము ఉరమదు.

రెండు ముక్కలు కలిసే చోటు

సరౌండ్ ఎఫెక్టు లేకపోయినా కార్యక్రమం నడుస్తుంది. ట్రాన్సిషన్ సరిగా లేకపోతే మాత్రం నడవదు. ఒక ధ్వని ముగిసి మరొకటి మొదలయ్యే చోటును ట్రాన్సిషన్ అంటారు. శ్రోతకు అది తెలియకపోవడమే చాలాసార్లు దాని విజయం.

కత్తిరించి అతికించిన చోట ‘టిక్’మనే శబ్దం రావడం అందరికీ ఎదురయ్యే మొదటి ఇబ్బంది. తరంగం పైకి లేచి ఉన్న చోట కోసి, కిందికి దిగి ఉన్న మరో ముక్కను అతికిస్తే స్పీకరు పొర ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. ఆ కుదుపే టిక్. తరంగం సున్నా గీతను దాటే చోట కోయడం ఒక ఉపాయం, అడాసిటీలో అటువంటి చోటును వెతికిపెట్టే ఆదేశం ఉంది. అంతకన్నా నమ్మకమైనది కోసిన ప్రతి అంచుకు 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వడం. సెకనుకు 44,100 నమూనాలున్న రికార్డింగులో 10 మిల్లీసెకన్లంటే 441 నమూనాలు. చెవి దాన్ని ఫేడ్‌గా గుర్తించదు, టిక్ మాత్రం పోతుంది.

క్రాస్‌ఫేడ్ దగ్గరకు వచ్చేసరికి లెక్క ఆసక్తికరంగా మారుతుంది. ఒక ముక్క తగ్గుతుండగా మరొకటి పెరగడం క్రాస్‌ఫేడ్. అది ఏ వంపులో తగ్గాలి, ఏ వంపులో పెరగాలి అన్నదే ప్రశ్న. సరళరేఖలో జరిగితే మధ్య బిందువు దగ్గర రెండు ముక్కలూ సగం తరంగ పరిమాణంతో, అంటే 6 డెసిబెళ్లు తక్కువగా ఉంటాయి. రెండూ ఒకే తరంగమైతే సగం, సగం కలిసి ఒకటి అవుతుంది, ధ్వనిలో మార్పు తెలియదు. రెండూ పరస్పర సంబంధం లేనివైతే, ఉదాహరణకు ఒకటి వాన, మరొకటి సంత అయితే, వాటి తరంగాలు క్రమపద్ధతిలో కలవవు, శక్తులు మాత్రమే కలుస్తాయి. అప్పుడు మధ్యలో 3 డెసిబెళ్ల గుంట పడుతుంది. శ్రోతకు ఎవరో ఒక క్షణం వాల్యూమ్ తగ్గించినట్టు వినిపిస్తుంది.

ఈ గుంటను పూడ్చేది సమశక్తి క్రాస్‌ఫేడ్. అడోబీ ప్రీమియర్‌లో దీని పేరు కాన్‌స్టంట్ పవర్, సరళరేఖ పద్ధతి పేరు కాన్‌స్టంట్ గెయిన్. సమశక్తి వంపులో మధ్య బిందువు దగ్గర రెండు ముక్కలూ 0.707 పరిమాణంతో ఉంటాయి. సంబంధం లేని రెండు ధ్వనులకు ఇది చక్కగా అతుకుతుంది. ఒకే తరంగం రెండు ముక్కల్లోనూ ఉంటే మాత్రం 0.707, 0.707 కలిసి 1.414 అయి, 3 డెసిబెళ్ల బొడిపె లేస్తుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎంచిపెట్టిన వంపును గుడ్డిగా వాడేవారికి ఒక చోట అతుకు బాగా కుదిరి, మరో చోట కుదరకపోవడానికి కారణం ఇదే. ఒకే తంబురా శ్రుతిలోని రెండు భాగాలను తరంగం తరంగానికి సరిపోయేలా కలిపేటప్పుడు సరళరేఖ, ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి మారేటప్పుడు సమశక్తి అని గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. మాటకు మాట అతికేటప్పుడు ఇవేవీ పనికిరావు. రెండు గొంతులు ఒక్క క్షణమైనా ఒకదానిపై ఒకటి పడితే పదం నలిగిపోతుంది, ఊపిరి తీసుకున్న చోట కోసి, అతి చిన్న ఫేడ్‌తో ఊరుకోవడమే మేలు.

కార్యక్రమం చివర సంగీతం తగ్గిపోయే ఫేడ్ అవుట్‌లోనూ ఇటువంటి చిక్కే ఉంది. చెవి తీవ్రతను కూడిక లెక్కలో వినదు, నిష్పత్తుల లెక్కలో వింటుంది. సరళరేఖలో తగ్గే 10 సెకన్ల ఫేడ్‌లో సగం సమయం గడిచేసరికి ధ్వని తగ్గేది 6 డెసిబెళ్లే. తొమ్మిదో సెకనుకు కూడా 20 డెసిబెళ్లే తగ్గుతుంది. మిగిలినదంతా చివరి సెకనులో జారిపోవాలి. అందుకే అటువంటి ముగింపు ఎంతసేపు సాగినా చివరకు తలుపు వేసినట్టు ఆగుతుంది. వంపు తిరిగిన ఫేడ్‌ను ఎంచుకుంటే ఆ మెట్టు ఉండదు. అడాసిటీలో స్టూడియో ఫేడ్ అవుట్ అనే ఎఫెక్టు ఇందుకు పనికివస్తుంది.

ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుందన్నది ఎడిటర్లు అనుభవం మీద తెలుసుకునే సంగతి. ఫ్యాను గాలి, దూరపు రోడ్డు, గోడల స్వభావం కలిసి అది ఏర్పడుతుంది. ఇంటర్వ్యూలో దగ్గునో, అనవసరమైన వాక్యాన్నో తీసేసి ఆ చోట ఖాళీ నిశ్శబ్దం పెడితే మాట కంటే ఆ ఖాళీయే పెద్దగా వినిపిస్తుంది. రికార్డింగు పూర్తయ్యాక అందరినీ మౌనంగా ఉండమని కోరి అర నిమిషం పాటు గదిని రికార్డు చేసుకుంటే, ఆ ముక్క తరువాత ఎన్ని అతుకులకైనా కింద పరిచే గుడ్డలా పనికివస్తుంది. ఏ ఎఫెక్టూ దీనికి సాటి రాదు.

స్టేషను దృశ్యం ఒకటి

సరౌండ్, ట్రాన్సిషన్ అనే రెండూ ఒకచోట ఎలా పనిచేస్తాయో ఒక ఊహాదృశ్యంలో చూడవచ్చు. కథలో ఒక స్త్రీ విజయవాడ స్టేషను ప్లాట్‌ఫారం మీద కూతురితో ఫోన్‌లో మాట్లాడుతూ రైలు ఎక్కి ఏసీ బోగీలోకి వెళుతుంది. ప్లాట్‌ఫారం రద్దీని నాలుగు వైపులా పరచవచ్చు. టీ అమ్మేవారి కేక వెనుక ఎడమ నుంచి, రైలు రాకను తెలిపే ప్రకటన వెనుక కుడి నుంచి వినిపించవచ్చు. ఆమె గొంతు మాత్రం మధ్యలోనే ఉంటుంది. బోగీ తలుపు మూసుకునే శబ్దం ఇక్కడ సహజమైన అతుకు. తలుపు శబ్దానికి ముందు సుమారు రెండు సెకన్ల నుంచి ప్లాట్‌ఫారం రద్దీలోని కీచు ధ్వనులను ఫిల్టర్‌తో క్రమంగా తగ్గించాలి, చుట్టూ ఉన్న ధ్వనిని ముందుకు కుదించాలి. తలుపు పడిన క్షణంలో సమశక్తి క్రాస్‌ఫేడ్‌తో బోగీ లోపలి ఏసీ హోరు అందుకోవాలి. ఆమె గొంతుకున్న రివర్బ్ కూడా అదే చోట మారాలి, ఆరుబయట ప్రతిధ్వని పోయి ఇరుకు గది స్వభావం రావాలి. గొంతు ఉన్న చోటు మారదు, గొంతు చుట్టూ ఉన్న లోకం మారుతుంది.

ఇదే దృశ్యంలో తరువాతి ధ్వనిని కాస్త ముందే వినిపించడం మరో పద్ధతి. తెర మీద దృశ్యం మారకముందే దాని శబ్దం మొదలవడాన్ని సినిమా ఎడిటర్లు జె కట్ అంటారు, కాలరేఖ మీద ఆ ముక్కల అమరిక ఇంగ్లిషు అక్షరం ‘జె’ని పోలి ఉండడమే ఆ పేరుకు కారణం. ఆమె ఇంకా ప్లాట్‌ఫారం మీద ఉండగానే ఏసీ హోరు సన్నగా మొదలైతే శ్రోత ఆమెకంటే ఒక అడుగు ముందే బోగీలోకి చేరతాడు. ‘వూష్’మంటూ దూసుకుపోయే రెడీమేడ్ శబ్దాలతో దృశ్యాలు మార్చడం ఇటీవల ఎక్కువైంది. ప్రచార చిత్రాలకు అవి నప్పుతాయి, అరగంట కథలో పదిసార్లు వినిపిస్తే మాత్రం విసుగు పుట్టిస్తాయి.

ఒకే ఛానెల్‌తోనూ ఈ దృశ్యాన్ని పలికించవచ్చు. ఆకాశవాణి నాటకాలు దశాబ్దాల పాటు చేసింది అదే. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం నుంచి వచ్చిన నాటకాలను తెలుగు ఇళ్లలో ఒకే స్పీకరున్న రేడియోల ముందు కూర్చుని విన్నారు. రేడియో నాటకంలో దూరం నుంచి పిలిచే పాత్ర మైకుకు దూరంగా జరిగి పిలుస్తుంది, దగ్గరకు వస్తూ మాట్లాడాలంటే నడుస్తూ మైకు దగ్గరకు వస్తుంది. దూరమైన కొద్దీ గొంతు తగ్గడమే కాదు, నేరుగా వచ్చే ధ్వని తగ్గి గది ప్రతిధ్వని పాలు పెరుగుతుంది, ఆరుబయట చాలా దూరమైతే కీచు ధ్వనులు గాలిలోనే నశిస్తాయి. చెవి దూరాన్ని కొలిచేది వీటితోనే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్, రివర్బ్, హైకట్ ఫిల్టర్ అనే మూడింటిని కలిపి వాడితే ఏ స్పీకరులోనైనా నిలిచే లోతు వస్తుంది. మోనోలోకి కుదించినా చెడని సరౌండ్ ఇదే అనవచ్చు.

చివరి ఎగుమతి

పూర్తయిన మిక్స్‌ను మోనోలో విని చూడడం తప్పనిసరి. అడాసిటీలో ట్రాక్స్ మెనూలోని మిక్స్ కింద స్టీరియోను మోనోగా మార్చే ఆదేశం ఉంది, విని చూశాక దాన్ని రద్దు చేసుకోవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ప్రధాన ఛానెల్ మీదే మోనో బటన్ ఉంటుంది. ఎడమ కుడుల మధ్య సంబంధాన్ని చూపే ఫేజ్ మీటరు ఉంటే దాని ముల్లు ఎక్కువసేపు సున్నాకు దిగువన, మైనస్ వైపు ఉండకుండా చూసుకోవాలి. గొంతు వెనుక సంగీతం ఉంటే, ఇయర్‌ఫోన్లలో సరిపోయిందనుకున్న సంగీతం ఫోన్ స్పీకరులో మాటను కప్పేస్తుందేమో కూడా ఇదే దశలో తేలుతుంది. మాట మొదలైనప్పుడల్లా సంగీతాన్ని తనంతట తాను తగ్గించే ఆటో డక్ ఎఫెక్టు ఉపయోగపడుతుంది. తగ్గడం, తిరిగి పెరగడం మరీ వేగంగా జరిగితే సంగీతం రొప్పుతున్నట్టు వినిపిస్తుంది గనుక ఆ రెండింటికీ అర సెకను నుంచి సెకను వరకు వ్యవధి ఇవ్వడం మంచిది.

ఫైలు రకం విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాడుకలో ఉన్న ఎంపీ3 రెండు ఛానెళ్లకు మించి మోయదు. 5.1 మిక్స్‌ను ఎంపీ3గా ఎగుమతి చేస్తే అది స్టీరియోగా కుదించుకుపోతుంది. ఆరు ఛానెళ్లూ నిలవాలంటే వేవ్, ఫ్లాక్, ఏఏసీ, డాల్బీ డిజిటల్ వంటి రూపాలను ఎంచుకోవాలి. బైనారల్‌గా చేసిన మిక్స్ రెండు ఛానెళ్లదే గనుక ఏ రూపంలోనైనా ఇముడుతుంది. దాన్ని స్పీకర్లలో వింటే ప్రతి చెవికీ రెండు స్పీకర్ల ధ్వనీ చేరి దిక్కుల లెక్క తప్పుతుంది. పైగా చెవుల ఆకృతి మనిషి మనిషికీ వేరు, ఒకరికి ముందు నుంచి వినిపించినది మరొకరికి వెనుక నుంచి వినిపించవచ్చు. కాబట్టి బైనారల్ ప్రతిని ‘ఇయర్‌ఫోన్లతో వినవలసినది’ అని స్పష్టంగా రాసి విడిగా ఇచ్చి, దానితో పాటు మామూలు స్టీరియో ప్రతిని కూడా అందుబాటులో ఉంచడం శ్రోతలందరికీ సౌకర్యం.